చీటీ వస్తోంది, మనిషి రావడం లేదు

మా రోజుల్లో మతి చలించిన మనిషికి మందు ఇవ్వాలంటే ఆ మనిషి ఎదురుగా ఉండాల్సిందే. మా నెల్లూరు జిల్లా సీతారామపురం, దుత్తలూరు, మర్రిపాడు వైపు ఊళ్ళ నుంచి బస్సెక్కించి మా ఆసుపత్రికి తెచ్చేవాళ్ళు. ఎక్కనని మొరాయిస్తే అన్నదమ్ములు చెరో రెక్కా పట్టుకుని ఎక్కించి, ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టేదాకా వదిలేవాళ్ళు కాదు. డాక్టరుగారు చూసేవారు. నేను కాంపౌండరుని, నేనూ చూసేవాణ్ణి. నడిచొచ్చేటప్పుడు చేతులు ఊగుతున్నాయా, పక్కలకి అతుక్కుపోయి ఉన్నాయా? నోరు ఊరికే ఉందా, ఏదో నములుతోందా? కూర్చున్న మనిషి కాళ్ళు కుదురుగా ఉన్నాయా? అది చూశాకే మందు.

ఇప్పుడు మనిషి రాడు, చీటీ వస్తుంది. చాలాసార్లు చీటీ కూడా రాదు, దాని ఫోటో ఫోనులో వస్తుంది. షాపులో స్ట్రిప్పులు లెక్కపెట్టి కవర్లో వేస్తారు. ఊరికి పోయే వాళ్ళెవరో ఒకరు పట్టుకుపోతారు. రాసిన డాక్టరు ఆ మనిషిని చూసి ఎన్నేళ్ళయిందో ఎవరూ అడగరు. చీటీ మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించి మరీ వాడుతున్నారు. ఇంట్లో ఆ మనిషి నాలుక పాము నాలుకలాగా లోపలికీ బయటికీ ఆడుతుంటే, 'అది వాడి జబ్బులే' అని ఊరుకుంటున్నారు.

అది వాడి జబ్బు కాదు. జబ్బుకి ఇచ్చిన మందు తెచ్చిన కదలిక. ఈ మాట ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఎంతమందికి చెప్పానో! చెప్పినప్పుడల్లా ఎవరూ చెప్పని రహస్యం చెప్పినట్టు నా మొహంలోకి చూస్తారు. రహస్యం ఏముంది ఇందులో? డెబ్బై ఏళ్ళ నుంచి డాక్టర్ల పుస్తకాల్లో ఉన్న సంగతే కదా.

ఈ మతి మందులు రాకముందు ఏముండేదో మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. గొలుసు, తాయెత్తు, కొరడా దెబ్బ, లేదంటే కీల్పాక్. మా నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోదే. రాష్ట్రం వేరుపడ్డా మా దారి మారలేదు. తల తిరుగుడైతే నెల్లూరు, తిక్క ముదిరితే మద్రాసు. 1871 నుంచీ కీల్పాక్‌లో ఉన్న ఆ పిచ్చాసుపత్రి పేరు చెప్పి మా పక్క పిల్లకాయల్ని బెదిరించేవాళ్ళు. చేతిలో నాలుగు డబ్బులుండి, పరువు చాటున వైద్యం చేయించుకోవాలనుకున్నవాళ్ళు వేలూరు పోయేవాళ్ళు. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్ళు బాగాయంలో 1957లో మానసిక వైద్యశాల పెట్టారు. అక్కడ ఇంట్లోవాళ్ళని కూడా రోగితోపాటు ఉంచుకుని వైద్యం చేస్తారు. ఈ పద్ధతి ఎంత గొప్పదో, ఇప్పటి చీటీ వైద్యం చూశాక ఇంకా బాగా తెలుస్తోంది.

ఫ్రాన్సులో 1950 డిసెంబరులో క్లోర్‌ప్రొమజీన్ పుట్టింది. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని మతిభ్రమణం ఉన్నవాళ్ళకి ఇచ్చి చూశారు. కేకలు వేసేవాళ్ళు నెమ్మదించారు, గోడలతో మాట్లాడేవాళ్ళు మనుషులతో మాట్లాడారు. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ ప్రయోగశాల నుంచి హాలోపెరిడాల్ వచ్చింది. ఈ రెండూ మా పల్లెల్లో ఎన్ని సంసారాలు నిలబెట్టాయో నా కళ్ళతో చూశాను. గొడ్ల కొట్టంలో కట్టేసిన మనిషి మళ్ళీ మడక పట్టి కయ్యలో దిగడం చూశాను. అందుకని మందుల్ని తిట్టేవాడి పక్కన నేను నిలబడను. మందు ఇచ్చి మనిషిని చూడని పద్ధతి మీదే నా కోపమంతా.

అవి వచ్చిన రెండు మూడేళ్ళకే వాటి రెండో గుణం బయటపడింది. మెదడులో డోపమిన్ అనే పదార్థం ఉంటుంది. మతి అదుపు తప్పినప్పుడు దాని జోరు తగ్గించడానికి ఈ మందులు పనిచేస్తాయి. కానీ ఒంటి కదలికల్ని నడిపించేదీ అదే డోపమిన్. అక్కడ తగ్గిస్తే ఇక్కడా తగ్గుతుంది. దాంతో కొందరిలో నాలుగు రకాల అవస్థలు వస్తాయి, ఒక్కోటి ఒక్కో సమయంలో వస్తుంది. వాటిని విడివిడిగా గుర్తుపట్టకపోతే ఒకదాని మందు ఇంకోదానికి ఇచ్చి మనిషిని పాడు చేస్తారు.

మొదట వచ్చేది మెడ తిరగడం. మందు వేసిన గంటల్లోనో నాలుగైదు రోజుల్లోనో వస్తుంది, వయసు పిల్లకాయల్లో ఎక్కువ. మెడ ఒక పక్కకి మెలి తిరిగిపోతుంది, కనుగుడ్లు పైకి పోయి నిలబడతాయి, దవడ బిగుసుకుంటుంది, నాలుక మడత పడి మాట రాదు. చూసేవాళ్ళకి గుండె జారిపోతుంది. మా రోజుల్లో ఇలా తెస్తే డాక్టరుగారు ఫెనర్గన్ సూది వేయమనేవారు. అరగంట తిరక్కుండానే మెడ దారికి వచ్చేది. ఆ అరగంటలో బయట అరుగు మీద భూతవైద్యుడు వేపమండ ఊపుతూ ఉండేవాడు, పేరు వాడికి దక్కేది! వాడికి దక్కినా పోనీ, బిడ్డ మెడ దారికి వచ్చింది, అదే చాలనుకునేవాళ్ళం.

ఇప్పుడు అదే మెడకి ఏం చేస్తున్నారో చూడండి. వాంతులైతే వేసే మెటోక్లోప్రమైడ్ సూదికి కూడా ఇలాగే మెడ తిరుగుతుంది, అదీ డోపమిన్‌ని అడ్డగించే మందే. ఊళ్ళో ఒకరు వాంతులకని సూది వేస్తారు, సాయంత్రానికి పిల్ల మెడ తిరుగుతుంది. ఫిట్సు అనో ధనుర్వాతం అనో కారు మాట్లాడుకుని వంద కిలోమీటర్లు నెల్లూరికి పరిగెత్తిస్తారు. అక్కడ తలకి స్కానింగు. పొద్దున ఏ సూది వేశారో అడిగితే తేలిపోయే సంగతికి, తండ్రి పొగాకు బేళ్ళ డబ్బులు కట్టి వస్తాడు. అడిగే నోరు లేక కాదు, అడిగే ఓపిక లేక.

రెండోది కాలు నిలవకపోవడం. నా లెక్కలో మనుషుల్ని ఎక్కువ ఏడిపించేది ఇదే. మందు మొదలుపెట్టిన రోజుల్లోనో వారాల్లోనో వస్తుంది. మనిషి కూర్చోలేడు, పడుకోలేడు. లేస్తాడు, నాలుగడుగులు వేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. నిలబడ్డా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూనే ఉంటాడు. లోపల ఎవరో తరుముతున్నట్టుంటుందని చెబుతారు. వింజమూరు పక్క నుంచి వచ్చిన ఒక తల్లి నాతో అన్నమాట ఇది: "కాంపౌండరన్నా, బిడ్డ రాత్రంతా వసారాలో తిరగతానే ఉండాడు. అరిసేది తగ్గింది గానీ నిలిసేది పోయింది." డాక్టరుగారు ఆ మాట పూర్తిగా విన్నారు. మందు మోతాదు తగ్గించి, ప్రొప్రనొలాల్ చిన్న మోతాదులో కలిపారు. తర్వాత వచ్చినప్పుడు ఆ పిల్లవాడు బల్ల మీద కూర్చుని అరటిపండు తిన్నాడు.

అదే సంగతి ఇప్పుడు ఫోనులో ఎలా పోతుందో తెలుసా? "సార్, మావాడు మళ్ళీ తిక్కతిక్కగా తిరుగుతున్నాడు." అవతలి నుంచి, "అయితే మాత్ర రెండు చేయండి." తిరుగుడు తెచ్చిన మందునే రెండింతలు చేశారు! చూడకుండా ఇచ్చే వైద్యంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు. కాలు నిలవని బాధ ఓర్వలేక ప్రాణం తీసుకున్నవాళ్ళ గురించి డాక్టర్లే రాశారు. ఇంట్లోవాళ్ళకి చెప్పేదొకటే, పాత పిచ్చి తిరగబెట్టిందో, కొత్తగా కాళ్ళలో కుదురు పోయిందో ఆ మనిషినే అడగండి. మతి చలించినవాడికి కాళ్ళ సంగతి తెలియకుండా పోదు. అడిగితే చెబుతాడు.

మూడోది బిగుసుకుపోవడం. వారాలు, నెలల మీద వస్తుంది. మొహంలో కళ తప్పిపోతుంది, అడుగు చిన్నదవుతుంది, చేతులు వణుకుతాయి, చొంగ కారుతుంది. పెద్ద వయసువాళ్ళలో వచ్చే వణుకుడు జబ్బు, అదే పార్కిన్సన్, అచ్చం అలాగే ఉంటుంది. దీనికి మందు తగ్గించడమో మార్చడమో చేస్తారు. ఆ పని కుదరనప్పుడు ట్రైహెక్సీఫెనిడిల్ ఇస్తారు, జనం నోట అది పాసిటేన్. ఇక్కడ ఒక హెచ్చరిక. వణుకుడికి మంచిదని కొందరు దూలగొండి గింజల పొడి పెడుతున్నారు. దూలగొండిలో ఎల్‌డోపా ఉన్న మాట నిజమే. 1937లో మద్రాసులోనే దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దాన్ని ఆ గింజల నుంచి వేరు చేసి చూపించారు. వయసు మీద వచ్చే పార్కిన్సన్‌కి ఎల్‌డోపా పెద్ద మందు. కానీ మతి మందుల వల్ల బిగుసుకున్న మనిషికి దానివల్ల పెద్ద లాభం ఉండదు, పైగా మతి మళ్ళీ చెడవచ్చు. వెలిగొండ కింద కంచెల్లో దొరుకుతుంది కదా అని నూరి పోయకండి.

ఈ బిగుసుకుపోవడం ఒక్కోసారి ప్రాణం మీదకి తెస్తుంది. మందు వాడే మనిషి కర్రలా బిగిసిపోయి, ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి, మాట తడబడి, చెమటలు కారిపోతుంటే అది మామూలు జ్వరం కాదు. మందు ఆపేసి 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అప్పుడు ఒక్క పూట ఆలస్యమూ మంచిది కాదు.

ఇక నాలుగోది. నోరు నమలడం, పెదాలు చప్పరించడం, నాలుక ఆడటం, బుగ్గ లోపలి నుంచి పొడుచుకు రావడం, కళ్ళు టపటపా కొట్టుకోవడం, వేళ్ళు వీణ మీటినట్టు కదలడం, నడుము ఊగడం. ఇది నెలలు, ఏళ్ళు మందు వాడాక వస్తుంది. జర్మనీలో 1957లో షోనెకర్ అనే డాక్టరు మొదటిసారి రాశాడు. 1964లో డెన్మార్కు డాక్టర్లు దీనికి టార్డివ్ డిస్కినీషియా అని పేరు పెట్టారు. పాత రకం మందులు వాడేవాళ్ళలో ఏడాదికి నూటికి దాదాపు అయిదుగురి చొప్పున కొత్తగా వస్తుంది. పెద్ద వయసువాళ్ళలో ఒక్క ఏడాది వాడకానికే దాదాపు నలుగురిలో ఒకరికి వస్తుంది. ఆడవాళ్ళకీ షుగరున్నవాళ్ళకీ ఎక్కువ. రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటి కొత్త రకాలతో తక్కువ, కానీ పూర్తిగా లేకపోలేదు. 'కొత్త మందులకి రాదు' అని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి.

మా పక్క దీన్ని పసిగట్టడం ఇంకా కష్టం. ముసలమ్మ అరుగు మీద కూర్చుని నోరాడిస్తుంటే వక్కాకు నములుతోందనుకుంటారు. పళ్ళూడిన నోరు ఎటూ ఆడుతుందిలే అనుకుంటారు. పళ్ళు లేని నోరు ఊరికే ఆడటమూ నిజంగానే ఉంది, కట్టుడు పళ్ళు పెడితే తగ్గిపోతుంది. అందుకే నోట్లో ఏమీ లేకుండా చేసి చూడాలి, నాలుకని చూడాలి, చేతి వేళ్ళని చూడాలి. ఈ కదలికలకి ఇంకో చిత్రమైన గుణం ఉంది. నిద్రపోతే ఉండవు. ఆ మనిషి గట్టిగా పట్టుపడితే కాసేపు ఆగుతాయి. దాంతో 'కావాలని చేస్తున్నాడు, చెంప మీద కొడితే ఆపుతాడు' అనే పాపిష్టి వైద్యం మొదలవుతుంది. కావాలని ఎవరు చేస్తారు? పెళ్ళిపందిట్లో పదిమంది పిల్లకాయలు వెక్కిరిస్తుంటే, విస్తరి ముందు నుంచి లేచిపోయిన ఆడమనిషిని నేను చూశాను. ఆమెకి మతి బాగుపడి అప్పటికి చాన్నాళ్ళయింది. నోరు ఆడుతోందని మనుషుల్లోకి రావడం మానేసింది. జబ్బు నయం చేశామని రిజిస్టర్లో రాసుకుంటే సరిపోతుందా?

పాసిటేన్ సంగతి మళ్ళీ చెప్పాలి, ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది. అది మెడ తిరుగుడికీ బిగుసుకుపోవడానికీ పనికొస్తుంది. ఈ నోరాడే జబ్బుకి పనికిరాదు, చాలామందిలో ఎక్కువ చేస్తుంది. పైగా నోరెండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, ముసలివాళ్ళకి మూత్రం ఆగిపోతుంది, మతిమరుపు వస్తుంది. మా రోజుల్లో మతి మాత్ర ఒక సీసాలో, పాసిటేన్ ఇంకో సీసాలో ఉండేవి. అవసరం తీరాక పాసిటేన్ ఆపమని డాక్టరుగారు ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు. ఇప్పుడు రెండూ కలిపి ఒకే బిళ్ళలో అచ్చు పోసి అమ్ముతున్నారు. మొదటి రోజు నుంచీ అందరికీ రెండూ! ఒకటి ఆపాలంటే రెండోది ఎలా ఆపుతారు? బిళ్ళని గోటితో చీల్చి వేరు చేస్తారా? ఈ కలిపిన బిళ్ళలు రాయడం వల్ల డాక్టరుకి ఒక వరుస రాత మిగిలింది, రోగికి ఏం మిగిలిందో పైన చెప్పాను.

సూదుల కాలం కూడా నాకు బాగా గుర్తు. ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ నువ్వుల నూనెలో కలిపిన మందు. చిక్కగా ఉండేది, లావు సూది పెట్టి పిరుదులోకి నిదానంగా ఎక్కించాలి. రెండు మూడు వారాలకో నెలకో ఒకసారి. మాత్ర మింగనని ఉమ్మేసేవాళ్ళకి అదే దిక్కు. ఆ సూది కోసం మనిషి తప్పనిసరిగా వచ్చేవాడు కాబట్టి నెలకోసారైనా మా కళ్ళబడేవాడు. 'అబ్బయా, నాలుక చాపు' అంటే చాపేవాడు. అప్పటి మందులు మోటువే, కదలికలు ఇప్పటికంటే ఎక్కువే తెచ్చిపెట్టేవి. ఆ మాట దాచను. అయినా నెల నెలా చూసే కళ్ళు ఉండేవి, వచ్చిన కదలిక మొదట్లోనే దొరికేది. మొదట్లో దొరికితే వెనక్కి మళ్ళే అవకాశం ఎక్కువ. ఏళ్ళు గడిచాక దొరికితే మందు మార్చినా కొందరిలో ఆ కదలిక జీవితమంతా ఉండిపోతుంది.

చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. 1976లో అమెరికా వాళ్ళ మానసిక ఆరోగ్య సంస్థ ఒక కాగితం తయారుచేసింది, ఎయిమ్స్ అంటారు, మన ఢిల్లీ ఆసుపత్రి కాదు. పన్నెండు అంశాలు. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, పది నిమిషాల తీరిక ఉంటే చాలు. నోట్లో ఏమున్నా ఉమ్మేయమనాలి, కట్టుడు పళ్ళ సంగతి అడగాలి, చెప్పులు విప్పించాలి. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టించి కాసేపు ఊరికే చూడాలి. నోరు తెరవమనాలి, రెండుసార్లు. నాలుక చాపమనాలి, రెండుసార్లు. బొటనవేలితో మిగతా వేళ్ళని ఒక్కొక్కటిగా టకటకా తాకమనాలి. చేతులు ఆ పనిలో ఉన్నప్పుడు చూడాల్సింది మొహాన్నీ కాళ్ళనీ, దాగి ఉన్న కదలిక అప్పుడే బయటపడుతుంది. లేచి నిలబడమనాలి, చేతులు ముందుకి చాపమనాలి, నాలుగడుగులు నడిచి తిరిగి రమ్మనాలి. కనపడినదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేసి తేదీ రాయాలి. ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి ఆర్నెల్లకోసారి, మిగతావాళ్ళకి ఏడాదికోసారి ఈ కాగితం నింపాలని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2020లో చెప్పింది. ఏఎన్ఎం చేయగలదు, ఆశా కార్యకర్తకి నేర్పితే ఆమె కూడా చేయగలదు. బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, ఫోటో తీసి యాప్‌లో ఎక్కిస్తారు. నాలుక చూడటానికి మాత్రం యాప్ లేదట!

కదలిక కనపడ్డాక ఏం చేయాలి? మొదటి సంగతి, ఇంట్లోవాళ్ళు సొంతంగా మందు ఆపకూడదు. ఉన్నట్టుండి ఆపితే కదలికలు ఒక్కసారిగా ఎక్కువవుతాయి, పాత జబ్బూ తిరగబెడుతుంది. డాక్టరు చూసి మోతాదు మెల్లగా తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. క్వెటయపిన్‌కో క్లోజపిన్‌కో మారిస్తే చాలామందికి కదలిక తగ్గుతుంది. క్లోజపిన్‌కి ఒక షరతు ఉంది. కొద్దిమందిలో తెల్ల రక్తకణాలు పడిపోతాయి. 1975లో ఫిన్లాండులో అలా కొందరు చనిపోతే ఆ మందుని పక్కన పెట్టారు. ఏ మందుకీ లొంగని జబ్బుకి అది పనిచేస్తుందని 1988లో రుజువయ్యాక, రక్తపరీక్షల షరతుతో మళ్ళీ తెచ్చారు. మొదట్లో కొన్ని నెలలు వారం వారం రక్తం చూడాలి. ఆ పరీక్ష ఆత్మకూరులో ఏ ల్యాబులోనైనా చేస్తారు, పెద్ద ఖర్చూ కాదు. కానీ వారం వారం గుర్తుపెట్టుకుని తీసుకొచ్చే మనిషి ఇంట్లో ఉండాలి. పిల్లలేమో బెంగుళూరులోనో కువైట్‌లోనో ఉంటారు, డబ్బు పంపుతారు, ముసలి తండ్రిని తీసుకెళ్ళేదెవరు?

అసలు ఈ కదలికల కోసమే పుట్టిన మందులు కూడా ఉన్నాయి. టెట్రాబెనజీన్ 1950ల నాటిది. దాని వంశంలోనే వాల్‌బెనజీన్, డ్యూటెట్రాబెనజీన్ వచ్చాయి. ఈ నోరాడే జబ్బుకి అమెరికా ప్రభుత్వం మొదటిసారి ఒక మందుని ఒప్పుకున్నది 2017 ఏప్రిల్లో, అది వాల్‌బెనజీన్. జబ్బుకి పేరు పెట్టిన 53 ఏళ్ళకి! ఇవి పనిచేసే తీరు మా సోమశిల డ్యాము కింద రైతుకి చెబితే ఇట్టే తెలుస్తుంది. పాత మందులు కయ్య దగ్గర మడవ కట్టేస్తాయి, నీళ్ళు వచ్చి గట్టు తన్నుతూనే ఉంటాయి. ఈ మందులు పైన డ్యాము దగ్గరే నీళ్ళు తక్కువ వదులుతాయి. నరాల కొసల్లో డోపమిన్‌ని మూటలు కట్టే యంత్రాంగాన్ని నెమ్మది చేస్తాయి కాబట్టి విడుదలయ్యేదే తక్కువవుతుంది.

ఇంకో సంగతి చెబితే ఇప్పటి కుర్ర డాక్టర్లు కూడా ఆశ్చర్యపోతారు. ఆ యంత్రాంగం మీద పనిచేస్తుందని మొదట బయటపడ్డ మందు మన సర్పగంధ వేరులోంచి వచ్చింది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఆ వేరు పిచ్చికీ రక్తపోటుకీ పనిచేస్తుందని పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండు కంపెనీ వాళ్ళు దాన్నుంచి రిసెర్పిన్ తీశారు. అలాంటి గుణమే ఉన్న సులువైన మందు కోసం వెతికితే టెట్రాబెనజీన్ దొరికింది. మన వేరుతో మొదలైన దారి అమెరికాలో నెలకి వేల డాలర్ల బిళ్ళ దగ్గర తేలింది. టెట్రాబెనజీన్ మన దేశంలో దొరుకుతుంది, దాంతో పోలిస్తే చవకే. దిగులూ మత్తూ తేవచ్చు కాబట్టి మానసిక వైద్యుడి కనుసన్నల్లోనే వాడాలి. మా చిన్న ఊళ్ళ షాపుల్లో అడిగితే తెప్పిస్తాం అంటారు, రాసేవాళ్ళుంటే కదా తెప్పించేది!

మా రోజుల్లో ఈ కదలికలు ఎక్కువగా మతి మందులు వాడేవాళ్ళలోనే చూసేవాణ్ణి. ఇప్పుడు మతి చక్కగా ఉన్నవాళ్ళకి కూడా తెచ్చిపెడుతున్నారు. కడుపుబ్బరానికి వాడే గ్యాసు గొట్టాల్లో, అంటే క్యాప్సూళ్ళలో, లెవోసల్పిరైడ్ కలిపి అమ్ముతున్నారు, అది మతి మందుల జాతిదే. తల తిరుగుడికి ప్రోక్లోర్‌పెరజీన్ ఇస్తారు, అదీ ఆ కుటుంబమే. నాలుగు రోజులకి రాసింది నాలుగేళ్ళు మింగుతారు. గ్యాసు బిళ్ళ కదా, అన్నం ముందు వేసుకోకపోతే తోచదు! ఒకరోజు చెయ్యి వణుకుతుంది, అడుగు ఈడ్చుకుపోతుంది. పార్కిన్సన్ వచ్చిందని ఇంకో మందు మొదలుపెడతారు. గ్యాసు గొట్టం ఆపితే చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోయే వణుకు అది. మెటోక్లోప్రమైడ్‌ని 12 వారాలకి మించి వాడొద్దని అమెరికా వాళ్ళు 2009లోనే డబ్బా మీద నల్లగీత కట్టి రాయించారు. మన దగ్గర డబ్బా మీద ఏముందో చదివేదెవరు? అసలు డబ్బా ఎవరికిస్తున్నారు, కత్తిరించిన స్ట్రిప్పు ముక్క తప్ప?

ఏఎస్ పేట దర్గా గురించి చెప్పకపోతే మా ప్రాంతం సంగతి పూర్తి కాదు. ఖాజా నాయబ్ రసూల్ దర్గాకి హిందువులు, ముస్లిములు అని లేకుండా వస్తారు, మతి చలించినవాళ్ళని తెచ్చి నిద్ర చేయిస్తారు. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడలేదు. అక్కడ ఆ మనిషి పక్కన తల్లి కూర్చుంటుంది, చెల్లెలు కూర్చుంటుంది, రోజుల తరబడి కళ్ళెదురుగా ఉంటాడు. నా బాధ రెండు విషయాల్లో. ఒకటి, దర్గాకి వస్తూ మందులు ఇంటి దగ్గర వదిలేసి రావడం. ఉన్నట్టుండి మందు ఆగిపోయి నోరూ నాలుకా ఎగిరెగిరి పడితే, దయ్యం పలుకుతోందనుకుంటారు. మందు సంచీ వెంట తెచ్చుకుంటే ఏ దేవుడూ కోప్పడడు. రెండోది, కట్టేయడం. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గర ఒక షెడ్డులో మంటలంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసు వేయడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ఇంట్లో వేసినా తప్పే, ఎక్కడ వేసినా తప్పే. కాలు నిలవక తిరిగేవాణ్ణి కట్టేస్తే వాడికి ఎలా ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి.

ఇప్పుడు నెల్లూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, పెద్దాసుపత్రి ఉంది. 2022 అక్టోబరు 10 నుంచి టెలీమానస్ అని ఉచిత ఫోను వచ్చింది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. మా రోజుల్లో ఇవి ఉంటే ఎంతమంది బాగుపడేవాళ్ళో అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇన్ని పెట్టుకుని కూడా మనిషిని చూడకపోతే కడుపు మండదా? ఫోనులో గొంతు వినపడుతుంది, నాలుక కనపడదు. మండలానికొక చేతుల్లేని కుర్చీ, ఆర్నెల్లకొక కాగితం. ఇంతకు మించి నేను అడగడం లేదు. మతి మందు వాడేవాళ్ళ పేర్లు ఎటూ ఏఎన్ఎం దగ్గర ఉంటాయి, పింఛను వాళ్ళ దగ్గర ఉంటాయి. పింఛనుకి వేలిముద్ర వేయించుకునే రోజే నాలుక చాపమని అడిగితే ఏం పోతుంది?

ఆ కుర్చీ వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు ఊరికే ఉండొద్దు. అందరి చేతుల్లో ఫోనుంది కదా. మీ మనిషి మెలకువగా, వెలుతురులో కూర్చున్నప్పుడు, తనకి చెప్పి, ఒప్పుకున్నాకే రెండు నిమిషాలు వీడియో తీయండి. మొహం దగ్గరగా ఒకసారి, కాళ్ళూ చేతులూ కనపడేలా ఒకసారి, నడుస్తుండగా ఒకసారి. ఏ మందు ఏ నెలలో మొదలుపెట్టారో, ఎప్పుడు మోతాదు మార్చారో, గ్యాసు బిళ్ళలతో సహా, ఒక తెల్లకాగితం మీద రాయండి. ఖాళీ స్ట్రిప్పులన్నీ సంచీలో వేయండి. చీటీని ఒక్కదాన్నే పంపకుండా, ఆ మనిషిని కూడా తొలి బస్సుకి ఎక్కించండి. నెల్లూరులో ఓపీ చీటీలు పొద్దున్నే ఇస్తారు. ఉదయగిరి నుంచి పోయేవాళ్ళు ముందురోజే బట్టలు సర్దుకుంటే మంచిది.